స్కాట్లాండ్ దొరల ఇళ్ళు: వెనక గోడ నుంచి చూడటం మొదలుపెట్టండి

ఇంటి ముందు నిలబడి ఫొటో తీసుకున్నాక నేరుగా లోపలికి వెళ్ళిపోకండి. ముందు వెనక్కి వెళ్ళండి. ముందు గోడ దొరగారు లోకానికి చూపించాలనుకున్న ముఖం. వెనక గోడకి ఎవరూ మేకప్ వెయ్యరు.

ఎడిన్‌బరాకి వచ్చి పన్నెండేళ్ళయింది. మొదట్లో వారాంతాల్లో ఈ పల్లెటూరి పెద్ద ఇళ్ళకి వెళ్ళి, టికెట్ కొని, గైడు చెప్పింది విని, టీ తాగి, ఒక స్కోన్ తిని తిరిగొచ్చేవాణ్ణి. ఏ ఇల్లు చూసినా చివరికి ఎవరో రాణి పడుకున్న మంచం ఒక్కటే గుర్తుండేది. నా కళ్ళు తెరిపించింది మా మావయ్యగారు. తెనాలి వైపు నలభై ఏళ్ళు తాపీ పని చేసిన మేస్త్రీ ఆయన. ఒక వేసవిలో మా దగ్గరికి వస్తే ఇన్నర్‌లీథన్ దగ్గరున్న ట్రాక్వేర్ హౌస్‌కి తీసుకెళ్ళాను. లోపల స్కాట్లాండ్ రాణి మేరీ 1566లో ఇక్కడికి వచ్చిన సంగతి చెబుతున్నారు. పక్కకి చూస్తే ఈయన లేరు. వెతుక్కుంటూ వెళ్తే బయట గోడ దగ్గర తల పైకెత్తి నిలబడి ఉన్నారు.

“అల్లుడుగారూ, ఈ ఇల్లు ఒక్క దెబ్బన కట్టింది కాదండీ. కిటికీలు చూడండి, ఒకదాని కింద ఒకటి ఉందా? ముందు అదిగో, ఆ చివర ముక్క కట్టారు. తర్వాత అతుక్కుంటూ వచ్చారు.”

ఆయనకి ఇంగ్లీషు రాదు, స్కాట్లాండ్ చరిత్ర ఒక్క ముక్క తెలీదు. చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. 1107 నాటికే అక్కడ రాజుల వేట విడిది ఉండేదంటారు. తర్వాత నిలువుగా ఒక బురుజు ఇల్లు లేచింది, దానికి ఒక్కొక్క తరం కొంత కొంత చేర్చుకుంటూ పోయింది. 1690ల్లో జేమ్స్ స్మిత్ అనే ఆర్కిటెక్టు ముంగిలికి రెండు వైపులా చిన్న భవనాలు కట్టడంతో దాదాపు పని ఆగిపోయింది. అందుకే ట్రాక్వేర్ ఈ విద్య నేర్చుకోవడానికి మంచి పలక. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక అరగంట పని ఉంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్ళ పాత మ్యాపులన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం. 1745 తిరుగుబాటు అణిచాక సైన్యం కోసం 1747 నుంచి 1755 దాకా విలియం రాయ్ చేసిన సర్వే మ్యాపు ముందు తెరవండి. మీ ఇల్లు ఎర్ర చుక్కలా, చుట్టూ చెట్ల వరసలతో కనిపిస్తుంది. తర్వాత పందొమ్మిదో శతాబ్దపు ఆర్డ్నెన్స్ సర్వే మ్యాపు తీసి పక్కపక్కన పెట్టండి. ఇంటి ఆకారం మారిందా? ఇంటికి వచ్చే బాట మారిందా? బాట మారితే చాలాసార్లు ఇంటి ముందు వెనక కూడా తారుమారయ్యాయని అర్థం. పాత మ్యాపులో బాట ఉత్తరం నుంచి వచ్చి కొత్త మ్యాపులో దక్షిణం నుంచి వస్తే, ఇవాళ మీరు వెనక అనుకునేది ఒకప్పటి సింహద్వారం కావచ్చు.

ఇంకో జాగ్రత్త. స్కాట్లాండ్‌లో 2003 భూ సంస్కరణ చట్టం వల్ల ఎస్టేట్ పొలాల్లో, అడవుల్లో బాధ్యతగా ఎవరైనా నడవచ్చు. కానీ మనుషులు కాపురముంటున్న ఇంటికి ఆనుకుని ఉన్న తోట, ముంగిలి ఆ హక్కులోకి రావు. ప్రైవేటు ఇళ్ళయితే సెప్టెంబరులో వచ్చే డోర్స్ ఓపెన్ డేస్ కోసమో, సేవా సంస్థల కోసం తోటలు తెరిచే రోజుల కోసమో కాచుకోవాలి. చిన్న బైనాక్యులర్, నోటుబుక్కు చాలు. డ్రోన్ వద్దు.

ఇక గోడ. ఇక్కడి పాత ఇళ్ళకి చాలావాటికి హార్లింగ్ ఉంటుంది. సున్నంలో ఇసుక, చిన్న గులకరాళ్ళు కలిపి తాపీతో గోడమీదికి విసిరికొట్టే గార అది. నున్నగా పామరు. ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల వానకి తడిసినా తొందరగా ఆరుతుంది. కింద ఉన్నది చెక్కని రాయి, ఇలా కప్పుకోవడానికే కట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా ఇళ్ళకి సున్నం బదులు సిమెంటు కొట్టారు. సిమెంటు తేమని లోపలే బంధిస్తుంది, రాయి కుళ్ళుతుంది. అబర్డీన్‌షైర్‌లోని క్రేగీవార్ కాసిల్‌కి 2007 నుంచి 2009 దాకా ఆ సిమెంటు ఒలిచి మళ్ళీ సున్నం కొట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి బాగుచేసి, గులాబీ రంగు సున్నం వేసి 2024లో తెరిచారు. ఇంకో చోట ఒక గోడ మీద జుట్టంత పగుళ్ళు, వాటి కింద నల్లటి తడి మరకలు చూసి మావయ్యగారు “దీనికి సిమెంటు కొట్టిన మహానుభావుడు ఎవరండీ?” అన్నారు. సున్నపు గార దగ్గర్నుంచి చూస్తే మెత్తగా, కొంచెం పొడిపొడిగా ఉంటుంది, మూలలు గుండ్రంగా తిరుగుతాయి. సిమెంటుది కత్తి అంచులా తిరుగుతుంది. గారే లేకుండా మొరటు రాయి బయటికి కనిపిస్తుంటే అది అసలు రూపం అనుకోకండి. పాతగా కనిపించాలని విక్టోరియా కాలంలో గార గీకేసిన ఇళ్ళు బోలెడు.

గార మీద ఎక్కడైనా నిలువుగా, తిన్నగా ఒక గీత కనిపిస్తే ఆగండి. రెండు కట్టడాలు కలిసిన అతుకు అది. రాళ్ళు ఒకదానిలోకి ఒకటి అల్లుకోకుండా పక్కపక్కన నిలబడ్డాయంటే, ఒకటి కట్టాకే రెండోది వచ్చింది.

పైకప్పుకి బైనాక్యులర్ వాడండి. స్కాచ్ రాతి పలకలు మందంగా, మొరటుగా ఉంటాయి. చూరు దగ్గర పెద్దవి, కొప్పుకి వెళ్ళేకొద్దీ చిన్నవి అవుతూ పోతాయి, ఎందుకంటే గనిలో దొరికిన ఏ సైజునీ పారేసేవాళ్ళు కాదు. పేరున్న బాలహూలిష్ గని 1693లో మొదలై 1955లో మూతబడింది. ఆ పలకల్లో పైరైట్ పలుకులు ఎండకి మెరుస్తాయి. అన్నీ ఒకే సైజులో, పల్చగా, ఊదా ఛాయలో ఉన్నాయంటే రైలెక్కి వచ్చిన వేల్స్ పలకలు కావచ్చు. ఒకే కప్పు మీద రెండు రకాలూ ఉంటే అక్కడో కథ ఉంది. ఇంటి పక్క గోడ శిఖరం మెట్లు మెట్లుగా ఉంటే వాటిని కాకి మెట్లు అంటారు. అవి పదహారో శతాబ్దంలోనూ కట్టారు, 1880లోనూ కట్టారు. కాబట్టి వాటిని చూసి వయసు చెప్పకండి.

కిటికీల్లో అద్దం చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో పైకీ కిందికీ జరిగే చట్రాలు, చిన్న చిన్న గాజు పలకలు, మధ్యలో కొయ్య బద్దలు. బద్దలు లావుగా ఉంటే పాతవి, సన్నబడేకొద్దీ కొత్తవి. 1845లో గాజు మీద సుంకం ఎత్తేశాక పెద్ద పెద్ద ఒంటి పలకలు వచ్చాయి. మూసేసిన కిటికీ కనిపించగానే ప్రతి గైడూ కిటికీ పన్ను అంటాడు. ఆ పన్ను నిజమే, స్కాట్లాండ్‌లో 1748 నుంచి 1851 దాకా ఉంది. కానీ మూసిన కిటికీ చుట్టూ అందమైన చెక్కుడు రాతి చట్రం ఉండి, లోపలి రాయి కూడా అదే వరసలో ఉంటే అది పుట్టుకతోనే గుడ్డిది. ఎడమ పక్క కిటికీ ఉంది కాబట్టి కుడి పక్క కూడా ఉండాలని పెట్టిన బొమ్మ. చాలాసార్లు దాని వెనక పొగ్గొట్టం ఉంటుంది, పైకి చూస్తే చిమ్నీ సరిగ్గా అక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు ఇల్లు ఏ జాతిదో తేల్చుకోవాలి. పేరు చూసి మోసపోకండి. లెయిర్డ్ అంటే భూమి ఉన్న దొర, అంతే. ఆయన తన ఇంటికి హౌస్ అని పెట్టుకోవచ్చు, కాసిల్ అని పెట్టుకోవచ్చు. ఎయిర్‌షైర్ సముద్రపు ఒడ్డునున్న కలేన్ కాసిల్ 1777 నుంచి 1792 దాకా రాబర్ట్ ఆడమ్ కట్టింది. బయటికి కోట, లోపల అండాకారపు మెట్ల హాలు, పార్టీలిచ్చుకునే గదులు.

పాతది బురుజు ఇల్లు. మన మండువా లోగిలిని పక్కకి పరచకుండా పైకి పేర్చినట్టు ఉంటుంది. కింద రాతి కమాను కప్పుతో కొట్టు గదులు, దాని పైన హాలు, ఆపైన పడక గదులు. కమాను ఎందుకంటే కింద నిప్పు పెట్టినా పైకి పాకదు. సరిహద్దు ప్రాంతంలో దోపిళ్ళు ఎంత మామూలంటే, వంద పౌండ్ల భూమి ఉన్న ప్రతి ఆసామీ అరవై అడుగుల చదరం ప్రహరీ రాయీ సున్నంతో కట్టి తీరాలని 1535లో పార్లమెంటు చట్టమే చేసింది. ద్వారం వెనక యెట్ అనే ఇనప కటకటాల తలుపు మిగిలి ఉందేమో చూడండి. క్రేగీవార్‌లో ఉంది. దాని అల్లిక చూడాల్సిందే. ఒక మూల నిలువు కడ్డీలు అడ్డ కడ్డీలని పొడుచుకుని వెళ్తే, పక్క మూలలో అడ్డ కడ్డీలు నిలువు వాటిని పొడుచుకుని వెళ్తాయి. ఏ వైపు నుంచి లాగినా ఒక్క కడ్డీ ఊడదు. మావయ్యగారు దాని ముందు పది నిమిషాలు నిలబడి, “దీన్ని కొలిమిలో ఒక్కడు చెయ్యలేదండీ, నలుగురు కావాలి” అన్నారు.

1603లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ కిరీటాలు ఒకటయ్యాక, ముఖ్యంగా 1660 తర్వాత, దొరలకి బురుజు మీద మోజు తగ్గింది. సర్ విలియం బ్రూస్ కిన్‌రాస్ హౌస్‌ని 1680ల్లో తన కోసమే మొదలుపెట్టాడు. ఎడమ కుడి అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటాయి. ఇంటి నడిమి గీతని తోటలోంచి పొడిగిస్తే తిన్నగా సరస్సు మధ్యలోని లాక్ లెవెన్ కోట శిథిలాన్ని తాకుతుంది. మేరీ రాణిని 1567లో బంధించింది అక్కడే. పాత భయాన్ని కిటికీలోంచి చూసే దృశ్యంగా మార్చేశాడన్నమాట.

తర్వాత ఆడమ్ కుటుంబం. తండ్రి విలియం ఆడమ్ 1725లో గోర్డన్ దగ్గర మెల్లర్‌స్టెయిన్‌కి రెండు పక్క భవనాలు కట్టాడు. మధ్యలో ఉండాల్సిన అసలు ఇల్లు లేవలేదు. 1770ల్లో కొడుకు రాబర్ట్ వచ్చి ఆ ఖాళీ నింపాడు. అంటే దాదాపు నలభై అయిదేళ్ళు రెండు చేతులే ఉండి ఒళ్ళు లేని ఇల్లు. అక్కడికి వెళ్తే పచ్చిక మీద నిలబడి ముందు చేతుల్ని, తర్వాత ఒంటిని చూడండి. తండ్రీకొడుకుల అభిరుచుల తేడా పుస్తకం అక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఎక్కువమంది పప్పులో కాలేసేది నాలుగో రకం దగ్గర, నేనూ వేశాను. నవలా రచయిత వాల్టర్ స్కాట్ 1811లో ట్వీడ్ నది పక్కన ఒక పొలం కొని, 1824 కల్లా పాత బురుజుల ముక్కలన్నీ కలగలిపి ఆబట్స్‌ఫర్డ్ కట్టుకున్నాడు. 1850ల్లో విక్టోరియా రాణికి బాల్మోరల్ లేచింది. ఇక డబ్బున్న ప్రతివాడికీ బురుజులు కావాల్సొచ్చాయి. డేవిడ్ బ్రైస్ లాంటి ఆర్కిటెక్టులు దేశమంతా అవే కట్టారు. దీన్ని స్కాట్స్ బరోనియల్ అంటారు. పైన పటారం నాలుగు వందల ఏళ్ళది, లోన బిలియర్డ్స్ గది. కనిపెట్టడానికి నా పద్ధతి ఒక్కటే: కింది అంతస్తు చూడండి. శత్రువుకి భయపడేవాడు నేలకి రెండడుగుల ఎత్తులో మనిషి దూరేంత కిటికీ పెట్టడు. పైన తుపాకి రంధ్రాలు, కింద గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చి పచ్చికలోకి తెరుచుకునే బే విండో ఉంటే ఆ తుపాకి రంధ్రాలు ముస్తాబుకే.

తేదీ రాయి కథ కూడా చెప్పాలి. సరిహద్దు ప్రాంతంలో ఒక ఇల్లు, పేరు చెప్పను. కిటికీ మీది త్రికోణపు రాతిలో 1581 అని ఉంది. ఆ రోజు నాతో వచ్చిన ఆరుగురు స్నేహితులకి పావుగంట లెక్చరిచ్చాను, పదహారో శతాబ్దపు గోడ అంటూ. తోటలో కలుపు తీస్తున్న పెద్దావిడ అంతా విని, నవ్వు ఆపుకుంటూ, ఆ గోడ వాళ్ళ తాతల కాలంలో కట్టిందనీ, కూలిపోయిన పాత ఇంటి రాయిని తెచ్చి అందులో పెట్టారనీ చెప్పింది. నా పరువు అక్కడే ఆ పచ్చికలో పూడ్చి వచ్చాను. అప్పట్నుంచి తేదీ రాయి కనిపిస్తే మూడు చూస్తాను. రాయి రంగు చుట్టూ ఉన్నదానితో కలిసిందా, దాని అరుగుదల పక్క రాళ్ళకి సమానంగా ఉందా, దాని సైజు వరసకి సరిపోయిందా. ఒక్కటి కుదరకపోయినా అది వలస వచ్చిన రాయే.

అలాగని తేదీ రాళ్ళని తీసిపారెయ్యకండి, వాటి మీది అక్షరాలు చాలా చెబుతాయి. కొన్నిసార్లు అది ఇల్లు కట్టిన ఏడాది కాదు, పెళ్ళయిన ఏడాది కావచ్చు. రెండు జతల పొడి అక్షరాలుంటాయి, ఒకటి భర్తవి, ఒకటి భార్యవి. స్కాట్లాండ్‌లో పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారేది కాదు కాబట్టి రెండో జతలో ఆమె పుట్టింటి అక్షరమే ఉంటుంది. ఆ ఒక్క అక్షరంతో కట్నం ఏ కుటుంబం నుంచి వచ్చిందో, అంటే ఆ కొత్త గదులకి డబ్బు ఎక్కడిదో దొరికిపోతుంది. ఒక చిట్కా, పాత రాతల్లో జె ఉండదు, జేమ్స్ అయినా జాన్ అయినా ఐ అనే చెక్కుతారు.

లోపలికి వెళ్ళాక మెట్లు, నేల. ఇరుకు చుట్టు మెట్ల దగ్గర గైడు కత్తి కథ చెబుతాడు, దిగేవాడి కుడిచేతికి వీలుగా తిప్పారని. నాకు నమ్మకం లేదు. శత్రువు పడక గది మెట్ల దాకా వచ్చేశాక కుడిచెయ్యేమిటి, ఎడమచెయ్యేమిటి. దాని బదులు మెట్టు అరుగుదల చూడండి, ఎక్కువ అరిగినదే రోజూ వాడిన దారి. మెట్లు ఇల్లంతా ఎక్కి, ఒక అంతస్తులో అర్ధంతరంగా ఆగిపోతే అక్కడ పాత ఇల్లు అయిపోయింది. ఎక్కడైనా గది నేల పక్క గదికంటే ఒక మెట్టు ఎత్తుంటే రెండు కాలాల ఇళ్ళని కలిపారని గుర్తు. కిటికీ గట్టు మీద చెయ్యి చాచి గోడ మందం కొలవండి, కానీ ముట్టుకోవచ్చా అని అడిగాకే. ఇంటి లోపల ఎక్కడో నాలుగడుగుల గోడ తగిలితే అది ఒకప్పటి బయటి గోడ.

పనివాళ్ళ దారి వెతకండి. మస్సెల్‌బరా దగ్గరి న్యూహేల్స్‌లో ఏకంగా సొరంగమే ఉంది, వచ్చే అతిథుల కంట పనివాళ్ళు పడకుండా. ఎడిన్‌బరా నుంచి బస్సులో వెళ్ళొచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో విలియం బర్న్ లాంటివాళ్ళు అసలు ప్లానే అలా గీశారు, యజమానులు, పనివాళ్ళు ఎదురుపడకుండా రెండు వేరు ఇళ్ళు ఒకే కప్పు కింద. పనివాళ్ళని పిలిచే గంటల బోర్డు కనిపిస్తే దాని మీద గదుల పేర్లు చదివి రాసుకోండి. స్మోకింగ్ రూమ్ ఉందంటే విక్టోరియా కాలపు చెయ్యి పడింది.

బయట ఇంకా కొంచెం తిరగాలి. ఇంటి చుట్టూ ఉన్న తోటల్నీ పార్కునీ ఇక్కడ పాలసీస్ అంటారు. బోర్డు చూసి మావిడ ఇన్సూరెన్సా అంది. మెయిన్స్ అంటే సొంత సేద్యపు పొలం. పావురాల గోపురం, వీళ్ళ మాటల్లో డూకాట్, తప్పకుండా చూడండి. తేనెపట్టు ఆకారంలో గుండ్రంగా ఉంటే ఎక్కువగా పదహారో శతాబ్దం, దక్షిణానికి వాలిన ఒంటి కప్పుంటే ఆ తర్వాతది. బయట చుట్టూ ఉబ్బెత్తు రాతి పట్టీ ఎలుకలు ఎక్కకుండా. ఆ పావురాలు చుట్టుపక్కల రైతుల గింజలే తిని దొర పళ్ళెంలోకి వచ్చేవి. ఎవరు పడితే వాళ్ళు కట్టకుండా 1617లో చట్టం చెయ్యాల్సి వచ్చింది, దగ్గర్లో తగినంత పంట భూమి ఉన్నవాళ్ళే కట్టుకోవాలని. కాబట్టి డూకాట్ ఉందంటే ఆస్తి సర్టిఫికెట్ ఉన్నట్టే.

ఇంటికొచ్చాక హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో ఆ ఇంటి లిస్టింగ్, అంటే రక్షిత కట్టడాల జాబితాలో దాని వివరం, చదవండి. ఎ, బి, సి అని మూడు తరగతులు. ముందే చదివితే మీ కళ్ళు పనిచెయ్యవు, అందుకే ఆఖర్న పెట్టాను. ప్రతి ఊరి పాస్టరూ తన పారిష్ (చర్చి పరిధిలోని ప్రాంతం) గురించి రాసిన స్టాటిస్టికల్ అకౌంట్లు ఉన్నాయి, 1790ల్లో ఒకసారి, 1834 నుంచి 1845 దాకా ఇంకోసారి. “ఇటీవలే బాగుచేయించిన సొగసైన భవంతి” లాంటి ఒక్క వాక్యం దొరికినా చాలు, ఇంటికి కొత్తగా చేర్చిన భాగం వయసు ఆ మధ్య యాభై ఏళ్ళలోకి వచ్చేస్తుంది. భూమి చేతులు మారిన రికార్డు కావాలంటే 1617 నుంచి నడిచిన సేసిన్స్ రిజిస్టరు ఉంది.

చివరగా డబ్బు. క్రేగీవార్‌ని 1626లో పూర్తిచేసిన విలియం ఫోర్బ్స్ బాల్టిక్ వ్యాపారంలో సంపాదించాడు, డాన్‌జిగ్ విల్లీ అనే పేరే పడింది. డన్స్ దగ్గర 1905 నాటి మాండర్‌స్టన్‌లో వెండి మెట్ల రెయిలింగు ఉంది, దాని వెనక రష్యాతో హెర్రింగ్ చేపల వ్యాపారం. చాలా ఇళ్ళ వెనక కరీబియన్ బానిసల చెమట ఉంది. 1833 చట్టం తర్వాత రెండు కోట్ల పౌండ్ల పరిహారం బానిసలకి కాదు, యజమానులకి ఇచ్చారు. ఎవరికెంత ముట్టిందో యూనివర్సిటీ కాలేజ్ లండన్ డేటాబేసులో ఇంటిపేరు కొట్టి చూడొచ్చు.

మన వైపు డబ్బూ ఉంది. ఉత్తరాన ఈవాంటన్ దగ్గర నోవార్ హౌస్ ఈస్టిండియా కంపెనీ జనరల్ హెక్టర్ మన్రోది. మన దత్త మండలాల మన్రో కాదు, వేరే మన్రో, 1764లో బక్సార్ యుద్ధం గెలిచినాయన. ఇంటి పైనున్న ఫైరిష్ కొండ మీద 1782లో కమానుల కట్టడం ఒకటి నిలబెట్టించాడు, అంతకు ముందు ఏడాది పట్టుకున్న నాగపట్నం కోట ద్వారం నమూనాలో. కొండెక్కడానికి మాకు గంట పైనే పట్టింది. గాలి చెవులు కోసేస్తుంటే మావయ్యగారు నేరుగా దాని వెనక్కి నడిచారు. “ముందూ వెనకా ఒకటేనండీ, దీనికి ఇల్లే లేదు” అన్నారు.